పాల చాయ్ బదులు

మట్టెవాడ, వరంగల్
జూన్ రెండో వారం

చిరంజీవి మానసకు,

వదిన దీవెనలు. ఇక్కడ అందరూ క్షేమం, నేనొక్కదాన్ని తప్ప. నేనూ క్షేమమే అనుకో, కాకపోతే ఒంట్లో రక్తం కొంచెం నా మాట వినడం మానేసింది.

ఉత్తరం చూసి కంగారుపడకు. ఫోన్ చేద్దామంటే నువ్వు సిగ్నల్ కోసం మీ హాస్టల్ వాటర్ ట్యాంకు ఎక్కాలి. ఇక్కడ దుకాణంలో నేను ఫోన్ ఎత్తితే మీ అమ్మ ఇటే చెవి పెడుతుంది. మొగిలమ్మకు చెవుడని మట్టెవాడ అంతా అంటుంది గానీ, నా సంగతులైతే ఆమెకు గోడవతల ఉన్నా వినపడతాయి. అందుకే ఏటూరునాగారం బస్సు కండక్టర్ సారంగపాణి చేతికి ఈ కవరు ఇస్తున్నాను. ఎటూ మీ బడి గేటు ముందే బస్సు తిప్పుకుంటాడు కదా.

సంగతేమిటంటే, పోయిన దసరా ముందు నా చేతుల మీద నీలం మచ్చలు లేచాయి. "చీరల మూటలు మోసి కమిలినయి, జర కొబ్బరినూనె రాయి" అంది మీ అమ్మ. రాశాను. తర్వాత కాళ్ల మీద ఆవగింజలంత ఎర్ర చుక్కలు వచ్చాయి. రక్తం పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు లక్షన్నర ఉండాల్సిన చోట పన్నెండు వేలున్నాయి. డెంగీ అని బజారంతా తీర్మానం చేసింది. ఎదురు దుకాణం వాళ్లు, పక్క దుకాణం వాళ్లు పోటీపడి బొప్పాయి ఆకులు పంపారు. ఆ రసం తాగిన ముఖం నువ్వు చూసి ఉంటే మూడు రోజులు నవ్వేదానివి.

చివరికి మీ అన్న నన్ను హన్మకొండలో నవ్య అనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. మన వీధి రాజేశ్వర్ రావు గారి మనవరాలంత వయసే ఉంటుంది, కానీ మాట గట్టి పిల్ల. "డెంగీ కాదమ్మా. ఇది ఐటీపీ. మీ ఒంట్ల కాపలా ఉండాల్సినోళ్లే మీ ప్లేట్‌లెట్లను దొంగలనుకొని పట్టి చంపుతాండ్లు" అంది. స్టెరాయిడ్ గోలీలు రాసింది. నెల తిరగకముందే లెక్క పైకెక్కింది. మెల్లగా గోలీలు తగ్గించి మాన్పించింది. అంతటితో అయిపోయిందనుకుని నీకు చెప్పలేదు.

మొన్న లెక్క మళ్లీ పడిపోయింది. మళ్లీ స్టెరాయిడ్ మొదలైంది. మొదటిసారి పనిచేసిన మందు రెండోసారి ఎందుకు చేయదు? ఫికర్ చేయకు. పెళ్లిళ్ల బేరాలు బాగున్నాయి.

నీ వదిన,
వాసంతి

*

ఏటూరునాగారం
జూన్ నెలాఖరు

వదినకు,

మానస నమస్కారాలు. నమస్కారం మర్యాద కోసం. లోపల మాత్రం చాలా కోపంగా ఉంది.

దసరాకు నేను వచ్చాను వదినా. నీ పక్కనే కూర్చొని బతుకమ్మ పేర్చాను. పొడుగు చేతుల జాకెట్టు ఎందుకు వేసుకున్నావంటే కొత్త ఫ్యాషన్ అన్నావు. నేను నమ్మి, నాకూ ఒకటి కుట్టించమన్నాను. ఇంత తెలివి ఉన్నదానివి నాకంటే బాగా పాఠాలు చెప్పగలవు.

ఇప్పుడు అడిగినదానికి సూటిగా చెప్పు. ముక్కు నుంచి గానీ, చిగుళ్ల నుంచి గానీ రక్తం వస్తోందా? నెలసరి ఎక్కువవుతోందా? తలనొప్పి ఉందా? వీటిలో ఏది ఉన్నా డాక్టరమ్మకు దాచకుండా చెప్పాలి. తలనొప్పికని మెడికల్ షాపులో నొప్పి గోలీలు కొని మింగకు, వాటితో రక్తం ఇంకా పలచబడుతుంది.

స్టెరాయిడ్ ఎన్నాళ్లు వేసుకోమన్నారు? షుగర్ చూస్తున్నారా? అన్నను అడిగితే "మీ వదిననే అడుగు" అంటాడు. ఆ ఇంట్లో మగవాళ్లకు ఏమీ తెలియదన్న విషయం నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

అమ్మకు చెప్పు, నేను అడిగానని.

మానస

*

మట్టెవాడ
జులై నెలాఖరు

చిరంజీవి మానసకు,

నీ కోపం చేరింది, భద్రంగా అల్మారాలో పెట్టాను. నువ్వడిగిన ప్రశ్నలకు జవాబు: లేదు, లేదు, లేదు.

ఇక అడగని సంగతులు. స్టెరాయిడ్‌తో నా ముఖం పౌర్ణమి చంద్రుడైంది. పాత గిరాకీలు నన్ను చూసి "మీ అక్క ఎటు పోయింది" అని అడుగుతున్నారు. షుగర్ పెరిగింది. పొద్దుగూకితే చాలు, ఎవరితోనైనా కొట్లాడాలనిపిస్తుంది. మీ అన్న ఒకసారి చీర మడత తప్పు పెట్టాడని పదిమంది ముందు కసిరాను. పాపం, ఆ మడత సరిగ్గానే ఉంది.

గోలీ తగ్గించగానే ప్లేట్‌లెట్లు మళ్లీ పడిపోయాయి. డాక్టరమ్మ స్టెరాయిడ్ మెల్లగా బంద్ చేసి కొత్తది రాసింది. దాని పేరు ఎల్ట్రోంబోపాగ్. ఆ పేరు చెప్పడం నేర్చుకునేసరికే సగం రోగం పోతుందనుకున్నాను. ఆ కాపలావాళ్లను ఆపడం మానేసి, ఎముకల్లోని కార్ఖానాకే "ఇంకా ఎక్కువ తయారు చేయి" అని హుకుం ఇచ్చే మందట ఇది. ఈ మాట నాకు బాగా నచ్చింది. పోయే సరుకు పోనీ, మనం ఇంకా తెప్పిద్దాం. వ్యాపారస్తులకు అర్థమయ్యే వైద్యం ఇది.

దీనికి నియమాలు మాత్రం ఏకాదశి వ్రతాన్ని మించాయి. పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి. ముందు నాలుగు గంటలు, తర్వాత రెండు గంటలు పాలు, పెరుగు, క్యాల్షియం గోలీలు, ఐరన్ గోలీలు, ఏవీ కడుపులోకి పోకూడదు. నెలనెలా లివర్ పరీక్ష చేయించాలి. అంటే నా పొద్దుటి పాల చాయ్ బంద్. పుట్టి బుద్ధెరిగాక చాయ్ లేకుండా నా దుకాణం తలుపు తెరుచుకోలేదు, నీకు తెలుసు కదా. నల్ల చాయ్ తాగి చూశాను, కషాయం లాగా ఉంది. ఇప్పుడు గోలీ వేసుకుని కాసేపు మీ అమ్మ పక్కన కూర్చుంటే ఆ వెలితి తీరుతోంది. ఇంకే దిగులూ లేదు. దసరా సరుకుకు పోచంపల్లి, గద్వాల రెండూ తెప్పిస్తున్నాం.

వదిన

*

ఏటూరునాగారం
ఆగస్టు మూడో వారం

వదినకు,

లేదు, లేదు, లేదు అని మూడుసార్లు రాస్తే నిజమైపోదు. సరే, నమ్ముతున్నాను. నా నమ్మకాన్ని పాడుచేయకు.

ఈ మందు గురించి నేనూ చదివాను. చాలామందికి రెండు మూడు వారాల్లోనే లెక్క పెరుగుతుందట. నీకు మొదలుపెట్టి అంతకంటే ఎక్కువే అయింది. ఎంతకు వచ్చిందో ఒక్క మాట రాయడానికి ఏమైంది? ఇక్కడ వానలకు వాగు పొంగి రెండు రోజులు బస్సు రాలేదు. ఆ రెండు రోజులూ సారంగపాణి జేబులో నీ ఉత్తరం ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో రోజు బస్సు వచ్చింది, ఉత్తరం లేదు. అతను పాపం తన తప్పేదో ఉన్నట్టు తల గోక్కున్నాడు.

నాకు భయంగా ఉంది వదినా. అమ్మ నన్ను కన్నది గానీ, డిగ్రీలో చేర్పించింది నువ్వు. బీఈడీ చదువుతానంటే ఇంటిల్లిపాదితో కొట్లాడింది నువ్వు. ఇంకేమీ రాయను. లెక్క రాసి పంపు.

మానస

*

మట్టెవాడ
సెప్టెంబరు రెండో వారం

చిరంజీవి మానసకు,

లెక్క అడిగావు కదా. పధ్నాలుగు వేలు. మందు మొదలుపెట్టినప్పుడు పదకొండు. ఇది పెరగడమో, మిషన్ తుమ్మడమో డాక్టరమ్మకే తెలియలేదు. మోతాదు పెంచింది. అన్నిటికంటే పెద్ద మోతాదు వేసుకుంటూ నెల దాటింది. కార్ఖానా సమ్మెలో ఉంది.

"పాలు, పెరుగు దూరం పెడుతాండ్రా అమ్మా" అని ప్రతిసారీ అడుగుతుంది. "గోలీ టైముల పాల చుక్క ముట్టుకుంటే ఒట్టు" అంటాను. నిజమే కదా. "ఆకు, పొగాకు అలవాటుందా" అని కూడా ఒకసారి అడిగింది. లేదన్నాను.

ఇక ముందు దారులు మూడు చెప్పింది. వారం వారం పొడిచే ఇంజెక్షన్ ఒకటి, నాలుగు వారాలు సెలైన్‌లో ఎక్కించే మందు ఒకటి, ఆపరేషన్ ఒకటి. రోగం మొదలై ఏడాది అవుతోంది కాబట్టి ఆపరేషన్ మాట ఎత్తవచ్చునట. ప్లీహం తీసేస్తారు. మీ అమ్మ దాన్ని తిల్లి అంటుంది. "తిల్లి తీస్తే మనిషి బతుకుతదా" అని అడిగి, నేను జవాబు చెప్పకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ ఇంజెక్షన్ వైపే మొగ్గింది. నేనే ఆపరేషన్ అన్నాను. నాకు నానబెట్టే బేరాలు నచ్చవు. ఒక్కసారి తెంపేస్తే కార్తీకంలో పెళ్లిళ్ల సీజన్‌కు గల్లా దగ్గర కూర్చోవచ్చు. ముందుగా వేయించుకోవాల్సిన టీకాలు వేయించుకున్నాను. దసరా వెళ్లిన వారానికి తారీఖు ఇచ్చారు. నువ్వు సెలవు పెట్టాల్సిన పని లేదు.

అల్మారాలో నెమలికంఠం రంగు పట్టుచీర ఉంది చూడు, నువ్వెప్పుడూ అడుగుతుంటావు. అది నీకే. ఊరికే చెబుతున్నాను, గుర్తొచ్చి.

వదిన

*

ఏటూరునాగారం
సెప్టెంబరు మూడో వారం

వదినకు,

చీర నాకొద్దు. దాన్ని నువ్వే కట్టుకుని తిరుగు.

ఇప్పుడు నేను రాసేది నిదానంగా చదువు. మీ అత్తగారిని గదిలోంచి పంపించి చదువు.

ఈరోజు ఏడో తరగతి పిల్లలకు సున్నపు తేట ప్రయోగం చేయించాను. ల్యాబులో సున్నం అయిపోతే, సంతలో తమలపాకుల కొట్టు నుంచి తడి సున్నం కొనుక్కొచ్చి నీళ్లలో కలిపి తేర్చాను. మంచినీళ్లలాగే ఉంటుంది ఆ తేట. పిల్లలు గొట్టం పెట్టి ఊదితే మన ఊపిరిలోని గాలి కలిసి తెల్లబడుతుంది. ఊదారు, తెల్లబడింది. "పాలైనయ్ టీచర్" అని తరగతంతా ఒకటే అరుపు. పాలు కాదర్రా, ఇందులో ఉన్నది క్యాల్షియం అని చెప్పి, బోర్డు మీద ఆ మాట రాశాను. రాసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

డాక్టరమ్మ పాలు ఎందుకు బంద్ చేయమంది వదినా? పాలలో ఉన్న క్యాల్షియం కడుపులో ఆ మందును పట్టుకుని వదలదు. మందు రక్తంలోకి చేరదు, నువ్వు మింగినా మింగనట్టే. పాలలో ఉన్న ఆ క్యాల్షియమే ఆకులో రాసుకునే సున్నంలోనూ ఉంది.

గోలీ వేసుకుని మా అమ్మ పక్కన కూర్చుంటే చాయ్ లేని వెలితి తీరుతోందని రాశావు. పొద్దున్నే తన పక్కన కూర్చున్న మనిషి చేతిలో మా అమ్మ ఏం పెడుతుందో, ఆ ఇంట్లో పుట్టినదాన్ని నాకు తెలియదా? లక్ష్మీదేవి పటం ముందు ఒక ఆకు, తనకు ఒకటి, కోడలికి ఒకటి. అది లేకుండా బోణీ కాదు. పెళ్లి బట్టల బేరం కుదిరితే పెళ్లికూతురి తల్లికి ఒకటి, ఆమెతోపాటు నీకు ఒకటి.

నువ్వు ఆకు వేసుకుంటున్నావా? ఎప్పుడెప్పుడు? డాక్టరమ్మకు లేదని ఎందుకు చెప్పావు?

నా అనుమానం తప్పు కావచ్చు. కానీ అది తేలకుండా నీ కడుపు మీద కత్తి పెట్టనివ్వను. ఈ ఉత్తరం చదివిన పూటే హన్మకొండ వెళ్లు.

మానస

*

మట్టెవాడ
సెప్టెంబరు నెలాఖరు

మానసకు,

పంతులమ్మవైతే బడిలో. నా ఇంట్లో ఆకు లెక్క అడగడానికి నువ్వెవరు? పాలు వద్దన్నారు, మానేశాను. పెరుగు వద్దన్నారు, మానేశాను. ఆకు వద్దని ఎవరూ అనలేదు. పొద్దున చాయ్ లేక నోరు బీడు పడిపోతే, మీ అమ్మ అంతంత సున్నం రాసి ఒక చుట్ట చేతిలో పెడుతుంది. ఆమె చేత్తో ఇచ్చింది వద్దనాలా? ఇదంతా నీకు రాయాలని నిన్న కూర్చున్నాను. ఇంతవరకు రాసి, కాగితం మడిచి దిండు కింద పెట్టాను.

ఈరోజు మిగతాది రాస్తున్నాను. ఆకు అలవాటు ఇదివరకు రోజుకు ఒకటి, రెండు. చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలయ్యాక ఎక్కువైంది. అవును, వస్తోంది. నువ్వు మొదట అడిగినప్పుడూ వస్తోంది. ఒకరోజు పెళ్లికూతురికి చీర భుజాన వేసి చూపిస్తూ నవ్వాను. ఆ పిల్ల నా పళ్లను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ సాయంత్రం నుంచి నోట్లో ఆకు ఉంచుకోవడం మొదలుపెట్టాను. ఆకు నమిలిన నోరు ఎర్రగా ఉంటే ఎవరూ ఏమీ అడగరు. మీ అన్న అడగలేదు. మీ అమ్మ అడగలేదు. డాక్టరమ్మకు నిజం చెబితే నోరు తెరవమంటుందని లేదన్నాను. గోలీ వేసుకున్న వెంటనే ఒకటి, బోణీకి ఒకటి, బేరం బేరానికి ఒకటి. పడుకునే ముందు కూడా.

నాకు భయం వేసింది మానసా. గల్లా దగ్గర కూర్చున్న మనిషి భయపడితే దుకాణం నడవదని, పైకి కనిపించనివ్వలేదు.

నీ మాట ప్రకారం హన్మకొండ వెళ్లాను. అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. డాక్టరమ్మ నోరు తెరిపించి చిగుళ్లు చూసింది. "అడిగినప్పుడు నేను పొగాకు సంగతే ఆలోచించిన, సున్నం నాకు గూడ తట్టలేదమ్మా" అంది. ఆపరేషన్ వాయిదా వేసింది. ఆకు పూర్తిగా బంద్. అదే గోలీ, అదే మోతాదు, ఇంకో మూడు వారాలు చూద్దామంది. ఈ లోపల లెక్క బాగా పడిపోయినా, రక్తం ఎక్కువైనా, వెంటనే దవాఖానలో చేరాలి. "మీ మరదలు ఏం చదివింది" అని అడిగింది. నేను చదివించినంత, అని చెప్పాను.

వదిన

*

ఏటూరునాగారం
అక్టోబరు మొదటి వారం

వదినా,

సారంగపాణి బస్సు దిగకముందే కవరు లాక్కున్నాను. గేటు దగ్గరే నిలబడి చదివాను. పిల్లలు చూస్తున్నా ఏడుపు ఆగలేదు. పళ్లెర్రగా ఉన్న నోటితో ఇన్ని నెలలు నువ్వు చీరలు అమ్ముతుంటే, నేను ఇక్కడ పిల్లలకు దంతాల పాఠం చెబుతున్నాను.

ఇప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. నా మాట మీద ఆపరేషన్ ఆగింది. ఈ మూడు వారాల్లో నీకేమైనా అయితే? సున్నం కాకుండా కారణం ఇంకేదో అయితే? మెత్తటి బ్రష్ వాడు. మూటలు ఎత్తకు. స్టూలు ఎక్కకు. అన్నను స్టూలు ఎక్కమను, పడినా ఆయన ప్లేట్‌లెట్లు గట్టివి.

అమ్మకు ఏం చెప్పావు? తన చేత్తో ఇచ్చిన ఆకే ఇలా చేసిందని తెలిస్తే ఆమె తట్టుకోలేదు. జర చూసి చెప్పు.

మానస

*

మట్టెవాడ
అక్టోబరు నాలుగో వారం

చిరంజీవి మానసకు,

వదిన దీవెనలు. ఇక్కడ అందరూ క్షేమం. ఈసారి నన్ను కూడా కలుపుకో.

ఎనభై ఆరు వేలు. డాక్టరమ్మ కాగితం చూసి, నన్ను చూసి, మళ్లీ కాగితం చూసింది. నమ్మకం లేక ఇంకోసారి పరీక్ష చేయించింది. రెండోసారీ అంతే. "సున్నమొక్కటే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకదు" అంది. లక్షన్నర అవసరం లేదట, యాభై వేలు దాటి నిలకడగా ఉంటే చాలట. మందు మాత్రం మానేది లేదు, పరీక్షలు తప్పవు. ఆపరేషన్ తారీఖు కొట్టేసింది. ఇప్పుడు ఈ గోలీ రాసిన ప్రతివాళ్లనూ "ఆకు తింటారా, సున్నంతోనా" అని అడుగుతోందట. నా పేరు చెప్పొద్దన్నాను, నీ పేరు చెప్పుకోమన్నాను.

చిగుళ్ల నుంచి రక్తం ఆగింది. నిన్న నెమలికంఠం చీర కట్టుకుని గల్లా దగ్గర కూర్చున్నాను. ధర్మసాగర్ నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. బేరం కుదిరాక పెళ్లికూతురి తల్లికి ఆకువక్క ఇచ్చాను. "మీరు వేసుకోరా" అని ఆమె అడిగింది. నేను నవ్వాను. పళ్లన్నీ కనపడేలాగే నవ్వాను.

మీ అమ్మకు ఎలా చెప్పాలని అడిగావు కదా. నేనేమీ చెప్పనక్కర లేకపోయింది. పోయిన నెల హన్మకొండ నుంచి వచ్చి మీ అన్నతో గుసగుసగా చెబుతుంటే, పక్కగదిలోంచి వినేసింది. చెవుడని మట్టెవాడ అంతా అంటుంది కదా, ఆ చెవులతోనే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు తనదే అనుకుందేమో, నాకు తెలియదు, అడిగితే చెప్పే మనిషి కాదు. మూడో రోజు పొద్దున నేను గోలీ వేసుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది. లక్ష్మి ముందు ఆకు పెట్టింది. నాకు పెట్టలేదు, తనకూ తీసుకోలేదు. "నువ్వెందుకు మానడం అత్తమ్మా, నువ్వు తిను" అన్నాను. "నా కోడలు నమలనిది నా నోట్లెకెట్ల పోతది" అంది. డెబ్బై దాటిన మనిషి, పెళ్లినాటి నుంచి ఉన్న అలవాటు. ఆ రోజు నుంచి ఆమె ఆకు ముట్టలేదు. ఇప్పుడిద్దరం పొద్దున్నే నల్ల చాయ్ తాగుతూ, ముఖాలు చిట్లించుకుంటూ దుకాణం తెరుస్తున్నాం.

ఈ కవరుతో పాటు సారంగపాణి నీకు ఒక చిన్న మూట ఇస్తాడు. అందులో మీ అమ్మ ఇత్తడి సున్నం డబ్బా ఉంది, నిండా ఉంది. మూట తనే కట్టింది. "నా బిడ్డ బడిల సున్నం అయిపోయిందట గదా. పిల్లలతోటి ఊదిపియ్యమను" అని చెప్పమంది.

డబ్బా మాత్రం తిరిగి పంపకు.

నీ వదిన,
వాసంతి